"అనుమానం ఉంటే వదిలేయాలి కదా అక్కా" అని అడిగే తమ్ముడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్ నమస్తే. మాది పశ్చిమ గోదావరి. మా తమ్ముడికి 29 ఏళ్ళు, చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. 2021లో మా ఊళ్ళో ఒకాయన హత్య జరిగింది. ఆయనకి మావాడు 18,000 బాకీ, దాని గురించి వారం ముందు నలుగురిలో గొడవ పడ్డారు. మంగళవారం రాత్రి 8కి బెల్టు షాపు దగ్గర ఇద్దరూ కలిసి ఉన్నారని ఒకతను సాక్ష్యం చెప్పాడు, గురువారం పొద్దున్న కొబ్బరి తోటలో శవం దొరికింది. మావాడు చూపించాడని కాలవ గట్టు మీద కత్తి తీశారు, ఫోన్ టవర్ కూడా పెట్టారు. చంపడం చూసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు సార్. సెషన్స్ కోర్టులో యావజ్జీవం పడింది, ఇవ్వాల్టికి 74 రోజులు, అప్పీల్ గడువు అయిపోయిందని ఊళ్ళో ఒకరన్నారు. అప్పీల్ వేస్తే శిక్ష ఇంకా పెంచుతారని ఊళ్ళో భయపెడుతున్నారు. ఉన్న 40 సెంట్లు అమ్మి ఢిల్లీ లాయర్ని పెట్టమని మా మావయ్య అంటున్నాడు. ఇంకొకతను ఇప్పుడొచ్చి నేను ఆ రాత్రి వేరేవాళ్ళని చూశా, కోర్టులో చెప్తా అంటున్నాడు, డబ్బు మాట కూడా ఎత్తాడు. ములాఖత్‌కి వెళ్తే మా తమ్ముడు ఒకటే మాట, "అనుమానం ఉంటే వదిలేయాలి కదా అక్కా, మరి నన్నెందుకు వదల్లేదు" అని. వాడికి ఏం చెప్పాలో తెలీట్లేదు. అప్పీల్ తేలడానికి ఎన్నాళ్ళు పడుతుంది సార్?

జవాబు:

అమ్మా, మీరు ఫోన్లో ఫోటోలు తీసి పంపిన తీర్పు కాపీ, సాక్షుల డిపోజిషన్లు, అంటే కోర్టులో వాళ్ళు చెప్పిన వాంగ్మూలాలు, రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. కొన్ని పేజీలు మసగ్గా వచ్చాయి గానీ చదవగలిగా. ముందు టైం సంగతి చెప్తా, ఎందుకంటే అన్నిటికన్నా అదే తొందర.

సెషన్స్ కోర్టు వేసిన యావజ్జీవం మీద హైకోర్టుకి అప్పీల్ వేసుకోడానికి గడువు 60 రోజులు. మీరు 74 రోజులైంది అని రాశారు, ఆ లెక్క చూసి ఊళ్ళో ఎవరో అయిపోయింది అన్నారని కూడా రాశారు, అదేం కాలేదు. సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే తీర్పు నకలుకి, అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి కాపీ రెడీ అయిన రోజు దాకా పట్టిన రోజులు ఆ 60లో కలపరు. మీ కాపీ వెనకాల ముద్ర మీద తేదీలు చూశా, తీర్పు వచ్చిన 9వ రోజు అప్లికేషన్ పెట్టారు, 26వ రోజు కాపీ రెడీ అయ్యింది, అంటే 18 రోజులు తీసేయాలి. 74లో 18 పోతే 56. మీరు ఉత్తరం రాసిన రోజుకి ఇంకా 4 రోజులు ఉన్నాయన్నమాట, అందుకే ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోన్ చేసి చెప్పించా. ఇదే పరిస్థితిలో ఉండి ఇది చదువుతున్న వేరేవాళ్ళకి కూడా చెప్తున్నా, గడువు నిజంగానే దాటిపోయినా తలుపు మూసుకుపోదు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేస్తారు, జైల్లో ఉన్న పేదవాడి విషయంలో కోర్టులు మామూలుగా కాస్త జాలిగానే చూస్తాయి. కానీ ఆలస్యం ఎందుకైందో రోజుల లెక్కతో నిజం చెప్పాలి, ఒంట్లో బాలేదని ఉత్తుత్తి సర్టిఫికెట్లు పెట్టొద్దు.

శిక్ష పెంచుతారన్న భయం తీసేయండి. ముద్దాయి తనంతట తాను వేసుకున్న అప్పీల్లో హైకోర్టు తీర్పు కొట్టేయొచ్చు, సెక్షన్ మార్చొచ్చు, శిక్ష తగ్గించొచ్చు, ఉన్నదున్నట్టు ఉంచొచ్చు, అంతేగానీ ఆ అప్పీల్లోనే శిక్ష పెంచడానికి చట్టం ఒప్పుకోదు. పెంచమని అడగాలంటే ప్రభుత్వం విడిగా వేయాలి, దానికి మీకు నోటీసు రావాలి, మీ వాదన వినాలి. మీరు అప్పీల్ వేసినందుకు కోపంతో పెంచేది ఉండదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అప్పీల్ సెక్షన్ 374, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే 415. ఆ నంబర్లతో మీరు బుర్ర పాడుచేసుకోకండి, వకీలు చూసుకుంటారు.

ఇప్పుడు మీ తమ్ముడు అడిగే మాట దగ్గరికి వద్దాం. అతను అడిగేదాంట్లో సగం కరెక్టు. అనుమానం అంటే ఏ అనుమానమైనా కాదు. సహేతుకమైన అనుమానం, అంటే రికార్డులో ఉన్న సాక్ష్యం లోంచి పుట్టిన అనుమానం, బుద్ధున్న మనిషి ఎవరైనా అదే కాగితాలు చదివితే అవును కదా, ఇక్కడ అతుకు కనపడుతోందే అని ఆగిపోయే అనుమానం. మావాడు అలాంటివాడు కాదండీ, చీమకి కూడా అపకారం చేయడు అనేది అనుమానం కాదు, అది ప్రేమ. నేను ఇన్నేళ్ళలో చూసిన అప్పీళ్ళలో చాలా కుటుంబాలు తప్పు చేసేది ఇక్కడే, గ్రౌండ్స్, అంటే అప్పీల్లో రాసే కారణాల నిండా నిర్దోషి, అన్యాయంగా ఇరికించారు, పోలీసులు కక్ష కట్టారు అని రాయిస్తారు, జడ్జిగారికి కావాల్సింది అది కాదు, ఫలానా సాక్షి క్రాస్‌లో, అంటే మన వకీలు అడిగిన ఎదురు ప్రశ్నల్లో, ఫలానా పేజీలో ఈ మాట ఒప్పుకున్నాడు, తీర్పులో ఆ మాట గురించి ఒక్క ముక్క కూడా లేదు అని వేలుపెట్టి చూపించడం. ఇంకో సంగతి, శిక్ష మీద వేసే మొదటి అప్పీల్లో హైకోర్టు సాక్ష్యం మొత్తం మళ్ళీ మొదట్నుంచీ తూకం వేయాలి, కింది కోర్టు చెప్పింది కాబట్టి అని వదిలేయడానికి లేదు. మీ తమ్ముడికి ఇది రెండోసారి అడగడం కాదు, అదే సాక్ష్యాన్ని ఇంకో ఇద్దరు జడ్జిలు కొత్త కళ్ళతో చదవడం.

మీ కేసు పూర్తిగా సందర్భ సాక్ష్యం మీద నడిచింది, అంటే కళ్ళారా చూసినవాళ్ళు లేకుండా చుట్టూ ఉన్న పరిస్థితుల్ని బట్టి. ఇలాంటి కేసులకి కొలబద్ద 1984లో సుప్రీంకోర్టు శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో పెట్టింది. పూనాలో పెళ్ళైన కొన్నాళ్ళకే ఒకమ్మాయి సైనైడ్ విషంతో చనిపోతే భర్తకి సెషన్స్ కోర్టు ఉరి వేసింది, బాంబే హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టు అవే కాగితాలు చదివి విడుదల చేసింది. కొత్త సాక్షి ఎవరూ రాలేదు. ఆ తీర్పులో చెప్పిందేంటంటే, ఒక్కో పరిస్థితీ విడిగా గట్టిగా రుజువవ్వాలి, అవన్నీ కలిపి గొలుసులా ఎక్కడా తెగకుండా ఉండాలి, ఆ గొలుసు ఇతనే చేశాడు అన్న ఒక్క చోటికే తీసుకెళ్ళాలి, వేరే ఎవరైనా చేసి ఉండొచ్చు అనడానికి సందు మిగలకూడదు. చేసి ఉండొచ్చు అనేదానికీ చేసే ఉండాలి అనేదానికీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరం ప్రాసిక్యూషన్ నడవాలి, ముద్దాయి కాదు. ముద్దాయి చెప్పింది అబద్ధమని తేలినా సరే, అప్పటికే గొలుసు పూర్తయి ఉంటేనే అది ఇంకో కొక్కెం అవుతుంది గానీ, తెగిన చోట అతుకు వేయడానికి పనికిరాదు.

ఇప్పుడు మీ కాగితాల కట్టలోకి వస్తా. తీర్పులో నాలుగు పరిస్థితులు రాశారు, బాకీ గొడవ, చివరిసారి కలిసి కనిపించడం, కత్తి, ఫోన్. దీంట్లో నా మనసు ఆగింది చివరిసారి కనిపించడం దగ్గర. మంగళవారం రాత్రి 8కి చూశానని నాలుగో సాక్షి చెప్పాడు. గురువారం మధ్యాహ్నం 3కి పోస్టుమార్టం మొదలైంది, చావు అంతకు 24 నుంచి 36 గంటల ముందు జరిగి ఉండాలని డాక్టర్ గారు రాశారు. వేళ్ళ మీద లెక్క పెట్టండమ్మా, 36 గంటలు వెనక్కి వెళ్తే బుధవారం తెల్లవారుజాము 3, 24 గంటలు వెళ్తే బుధవారం మధ్యాహ్నం 3. అంటే ప్రాసిక్యూషన్ తెచ్చిన డాక్టర్ లెక్క ప్రకారమే, వాళ్ళిద్దరూ కలిసి కనిపించిన దానికీ చావుకీ మధ్య తక్కువలో తక్కువ 7 గంటలు, ఎక్కువైతే 19 గంటలు. చివరిసారి కలిసి చూశారు అనే వాదన నిలబడాలంటే ఆ మధ్య టైం ఎంత తక్కువ ఉండాలంటే ఇంకో మనిషి వచ్చి ఆ పని చేసే వీలే లేదు అన్నంత తక్కువ ఉండాలి, సుప్రీంకోర్టు 2005లో సతీష్ కేసులో చెప్పింది ఇదే. ఏడు గంటల్లో ఆ బెల్టు షాపు దగ్గరికి ఎంతమంది వచ్చి వెళ్ళి ఉంటారు? ఆ సాక్షే క్రాస్‌లో ఇంకో ముగ్గురు నలుగురు అక్కడే తాగుతున్నారు, నేను ముందే ఇంటికెళ్ళిపోయాను, తర్వాత ఎవరు ఎవరితో వెళ్ళారో చూడలేదు అన్నాడు. వాళ్ళలో ఒక్కళ్ళని కూడా సాక్షిగా పిలవలేదు. పైగా ఇతను పోలీసులకి స్టేట్‌మెంట్ ఇచ్చింది శవం దొరికిన 12 రోజులకి, అదే ఊళ్ళో ఉన్న మనిషి, శవం చూడ్డానికి కూడా వెళ్ళానన్నాడు, మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు అంటే జవాబు లేదు. తీర్పులో ఈ 12 రోజుల గురించి ఒక లైన్ ఉంది, పల్లెటూరి మనిషి భయపడి ఉంటాడు అని. భయపడ్డానని అతను ఎక్కడా చెప్పలేదు, వెతికి చూశా. ఏడు గంటల ఖాళీ గురించి అసలు ప్రస్తావనే లేదు. మీ అప్పీల్‌కి వెన్నెముక ఇదేనమ్మా.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఊరుకోరు, డాక్టర్ చెప్పే టైం ఉజ్జాయింపే, రెండు మూడు గంటలు అటూ ఇటూ అవుతుంది, ఎండ, వాన, తిన్న తిండి బట్టి మారుతుంది అంటారు. అది నిజం కూడా. కానీ అటూ ఇటూ అయ్యేదాన్ని ముద్దాయికి వ్యతిరేకంగానే జరపాలని ఎక్కడా లేదు కదా, డాక్టర్ని రీ ఎగ్జామిన్ చేసి, అంటే మళ్ళీ ప్రశ్నలడిగి తేల్చుకునే ఛాన్స్ వాళ్ళకి ఉంది, వాళ్ళు అడగలేదు.

కత్తి సంగతి. ఇది మన గడ్డ మీద పుట్టిన చట్టం అనుకోండి. గుంటూరు జిల్లా నుంచి బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీల్ కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసు, 1947. ఆ కేసులో ముద్దాయి పోలీసులకి చెప్పింది, మేమే కొట్టి చంపాం, బరిసె ఫలానా గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తా అని. దాచాను చూపిస్తా అన్న ముక్క వరకే సాక్ష్యం, కొట్టి చంపాం అన్న ముక్క పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కాబట్టి పనికిరాదు అని తేల్చారు. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 27 అంటే ఇవాళ్టికీ దేశం మొత్తం ఆ తీర్పే చదువుతుంది. మీ తమ్ముడి తీర్పులో జడ్జి గారు పంచనామాలో ఉన్న "ఈ కత్తితోనే నరికాను" అన్న మాట ఎత్తి రాసి దాని మీద ఆధారపడ్డారు, అది చట్టం ప్రకారం చదవకూడని మాట. దానికి తోడు పంచనామాకి మధ్యవర్తిగా, అంటే సాక్షి సంతకానికి, ఉన్న వీఆర్వో గారు క్రాస్‌లో సంతకాలు స్టేషన్లోనే పెట్టాను అనేశారు, రెండో మధ్యవర్తి హోస్టైల్, అంటే ప్రాసిక్యూషన్‌కి ఎదురు తిరిగాడు. కత్తి దొరికింది కాలవ గట్టు మీద తుప్పల్లో, అందరూ నడిచే చోటు, గేదెలు తోలుకెళ్ళే దారి. దర్యాప్తు చేసిన ఆఫీసర్ కోర్టులో ముద్దాయి సరిగ్గా ఏ మాటలతో చెప్పాడో చెప్పలేదు, "అతను చెప్పిన మేరకు వెళ్ళాం" అని ఊరుకున్నారు. 2022లో రామానంద్ అలియాస్ నంద్‌లాల్ భారతి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి రికవరీలని నమ్మలేదు. ఎఫ్ఎస్ఎల్, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టులో మనిషి రక్తం అని ఉంది, గ్రూపు తేలలేదు అని ఉంది. దీని ఒక్కదాని మీదే గెలుస్తాం అని మీకు ఆశ పెట్టను, గ్రూపు తేలకపోయినా మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే చాలు అన్న తీర్పులు కూడా ఉన్నాయి.

ఫోన్ టవర్ గురించి ఎక్కువ రాయను. అతను కాపలా కాసే చెరువూ, శవం దొరికిన తోటా ఒకే టవర్ కిందకి వస్తాయి, అతని ఫోన్ ఆ టవర్లో ఉండకపోతే ఆశ్చర్యపడాలి. సెక్షన్ 65బి సర్టిఫికెట్, అంటే కంప్యూటర్ నుంచి తీసిన రికార్డుకి జతచేయాల్సిన ధృవీకరణ, లేదు కదా సార్ అని మీ లోకల్ వకీలు గారు రాశారు, ఆ పాయింట్ పెట్టొచ్చు, కానీ కింది కోర్టులో ఆ కాగితం సాక్ష్యంగా మార్క్ చేసినప్పుడు అభ్యంతరం చెప్పలేదు, 2017లో సోనూ వర్సెస్ హర్యానా కేసు తర్వాత ఆ మాట అప్పీల్లో మొదటిసారి ఎత్తితే బలం తక్కువ. అందుకని దాన్ని ముందు పెట్టొద్దు, చివర్లో ఒక పేరా చాలు.

ఇక మనకి ఇబ్బందైనవి. దాచిపెట్టుకుంటే హైకోర్టులో బెంచ్ మీద నుంచి మొదటి ప్రశ్న అదే వస్తుంది. బాకీ గొడవ నిజం, ముగ్గురు చెప్పారు, మీ తమ్ముడు కూడా కాదనలేదు. శవం దొరికిన రోజు నుంచి రెండు రోజులు అతను ఊళ్ళో లేడు, అత్తారింటికి వెళ్ళాడు. ముద్దాయిని కోర్టు ప్రశ్నలు అడిగినప్పుడు, అదే 313 ఎగ్జామినేషన్, అన్నిటికీ తెలీదు, అబద్ధం అన్నాడు, అత్తారింటికి వెళ్ళాను అని కూడా చెప్పలేదు. భయంతో అలాగే అంటారమ్మా చాలామంది, ఎవరో అలా చెప్పమని చెప్తారు. జవాబు ఏంటంటే, కారణం ఉన్నంత మాత్రాన హత్య రుజువైనట్టు కాదు, ఊరొదిలి వెళ్ళడం పోలీసులంటే భయం వల్ల కూడా అవుతుంది, నోరు విప్పకపోవడం ప్రాసిక్యూషన్ పని చేసిపెట్టదు. పాత చట్టం సెక్షన్ 106 చూపించి, చివరిసారి నువ్వే ఉన్నావు కాబట్టి నువ్వే చెప్పాలి అని తీర్పులో రాశారు, కానీ 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది, ఆ సెక్షన్ ప్రాసిక్యూషన్ మోయాల్సిన బరువు తీసి ముద్దాయి నెత్తిన పెట్టడానికి కాదు అని. ఇంకోటి కూడా గమనించా, ఆ రెండు రోజులు ఊళ్ళో లేని సంగతి 313లో అతన్ని అడగనే లేదు, అడగని పరిస్థితిని అతనికి వ్యతిరేకంగా వాడకూడదు, సర్దా కేసులోనే ఉంది ఇది కూడా.

ఇవన్నీ చదివి మీకు ధైర్యం వస్తుంది, రావాలి కూడా, కానీ ఒక సాక్ష్యం ఎగిరిపోతే కేసు ఎగిరిపోయినట్టు కాదని కూడా తెలిసుండాలి. పాకాల నారాయణస్వామి కేసని ఉంది, 1937లో పూరీ స్టేషన్లో రైలు పెట్టెలో ట్రంకు పెట్టెలో శవం దొరికిన కేసు, పిఠాపురం వైపు మనుషులు. 1939లో ప్రివీ కౌన్సిల్ అతను పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంట్ చెల్లదు అంది, అయినా మిగిలిన సాక్ష్యం చాలు అని అప్పీల్ కొట్టేసింది. 1973లో శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసు, చేసి ఉండొచ్చు, చేసే ఉండాలి మధ్య దూరం అనే మాట ప్రతి డిఫెన్స్ వకీలూ ఎత్తి రాసేది అందులోంచే, ఆ కేసులో అప్పీల్ వేసుకున్నవాళ్ళు ఓడిపోయారు. అనుమానాన్ని మరీ పూజించొద్దు, దాని వల్ల దోషులు బయటపడితే జనానికి కోర్టుల మీద నమ్మకం పోతుంది అని అదే తీర్పు హెచ్చరించింది. నేను ఆ హెచ్చరిక ఒప్పుకుంటా. చనిపోయినాయనకి కూడా అక్కాచెల్లెళ్ళు ఉంటారు.

కానీ రెండో వైపు కూడా మనం కళ్ళారా చూశాం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్లో హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేసిన కేసు మన రాష్ట్రంలో తెలియనివాళ్ళు లేరు. 2008లో ఒక పేద కుర్రాడిని అరెస్ట్ చేశారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. ఎనిమిదేళ్ళు పైగా లోపల. ఆ అమ్మాయి తల్లే మొదట్నుంచీ ఈ కుర్రాడు కాదు అంటూ వచ్చింది, అంతకంటే ఏం కావాలి. తర్వాత దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్ళింది. ఆ ఎనిమిదేళ్ళు ఎవరు తిరిగిస్తారు అనే ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు, అందుకే అప్పీల్ వేయడం ఎంత ముఖ్యమో, శిక్ష సస్పెండ్ చేయమని అదే రోజు పిటిషన్ వేయడం కూడా అంతే ముఖ్యం అని చెప్తా.

అది పాత కోడ్‌లో 389, కొత్తదాంట్లో 430. అప్పీల్ తేలేదాకా శిక్ష ఆపి బెయిల్ మీద వదలమని అడగడం. హత్య కేసులో అంత సులువుగా ఇవ్వరు, మొదటిసారి కొట్టేసినా కుంగిపోవద్దు, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వేయొచ్చు. అప్పీల్ దగ్గర్లో విచారణకి వచ్చేలా లేనప్పుడు మనిషిని ఏళ్ళ తరబడి లోపల ఉంచడం తప్పు అని 1977లోనే కశ్మీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2016లో హైదరాబాద్‌లో ఉన్న మన ఉమ్మడి హైకోర్టు బచ్చు రంగారావు కేసులో, అప్పీల్ పెండింగ్‌లో ఉండగా ఐదేళ్ళు గడిపేసిన జీవిత ఖైదీలకి కొన్ని రకాల నేరాలు మినహాయించి బెయిల్ ఇచ్చే పద్ధతి పెట్టింది. ట్రయల్లో రిమాండ్‌లో ఉన్న రోజులకి సర్టిఫికెట్ జైలు నుంచి ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పొలం అమ్మొద్దమ్మా. కనీసం ఇప్పుడే అమ్మొద్దు. మీ అప్పీల్ వినేది నేలపాడులో ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇద్దరు జడ్జిల బెంచ్, అక్కడ రోజూ క్రిమినల్ అప్పీళ్ళు వాదించేవాళ్ళు, తెలుగులో ఉన్న డిపోజిషన్ తెలుగులోనే చదివి అర్థం చేసుకునేవాళ్ళు కావాలి, ఢిల్లీ నుంచి ఒక రోజు వచ్చి వెళ్ళేవాళ్ళు కాదు. "ఏమోనండి, చూశానేమో" అనే మాటలో ఎంత తడబాటు ఉందో ఇంగ్లీషు తర్జుమాలో కనపడదు. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో ఉంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి మీరు అర్జీ పెట్టొచ్చు, జైల్లో అతను పెట్టొచ్చు, 15100 నంబర్‌కి ఫోన్ చేసి అడగొచ్చు. అప్పీల్ కూడా జైలు సూపరింటెండెంట్ ద్వారానే పంపొచ్చు, చట్టంలోనే ఉంది ఆ వీలు. ఉచిత వకీలు అంటే పట్టించుకోరు అని అందరూ అంటారు, నేను చూసినంతలో పట్టించుకునేవాళ్ళూ ఉన్నారు, పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు, ఫీజు తీసుకునేవాళ్ళలో కూడా అంతే. వకీలు ఎవరైనా సరే నేను పైన రాసిన పాయింట్లు పేజీ నంబర్లతో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి, గ్రౌండ్స్ డ్రాఫ్ట్ అయ్యాక ఒకసారి చూపించమని అడగండి, అడగడం మీ హక్కు. ఒకవేళ వాదనల రోజు వకీలు రాకపోయినా, రాలేదన్న కారణంతో అప్పీల్ కొట్టేయకూడదు, రికార్డు చూసి మెరిట్స్ మీదే, అంటే కేసులో ఉన్న బలాబలాల మీదే తేల్చాలి అని 1996లో బానీసింగ్ కేసులో ఉంది, ఆ భయం కూడా వద్దు.

ఆ కొత్త సాక్షి. జాగ్రత్తగా వినండి. అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకి ఉంది, కానీ నిజంగా అవసరం అనిపిస్తేనే, చాలా అరుదుగా. నాలుగేళ్ళు నోరు మెదపని మనిషి శిక్ష పడ్డాక వచ్చి నేను చూశా అంటే నమ్మడం కష్టం, పైగా రేపు ప్రాసిక్యూటర్ ఇతన్ని వీళ్ళే తెచ్చుకున్నారు అంటే ఇప్పుడున్న మంచి పాయింట్ల మీద కూడా మసి పడుతుంది. అతను డబ్బు ప్రస్తావన తెచ్చాడని మీరు మధ్యలో ఒక ముక్క రాశారు చూడండి, అక్కడితో ఆపేయండి. రూపాయి ఇవ్వొద్దు. నాలుగో సాక్షి ఇంటికి కూడా మీవాళ్ళెవరూ వెళ్ళొద్దు, బతిమాలడానికి కూడా వద్దు, బెదిరించారని ఒక కంప్లైంట్ పడితే బెయిల్ సంగతి మర్చిపోవాల్సిందే. మీ తమ్ముడికి పనికొచ్చే సాక్ష్యం అంతా ఇప్పటికే ఆ కట్టలో ఉంది.

ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగారు. తేదీ చెప్పలేనమ్మా, ఏళ్ళు పట్టొచ్చు, అందుకే బెయిల్ పిటిషన్ మీద అంత గట్టిగా చెప్తున్నా.

రేపు ములాఖత్‌కి వెళ్ళేటప్పుడు వకాల్తా ఫారం తీసుకెళ్ళండి, అతను సంతకం పెట్టి జైలర్ అటెస్ట్ చేసి ఇస్తారు, అది సాయంత్రానికల్లా వకీలు చేతిలో పడాలి. అనుమానం ఉంటే వదిలేయాలి కదా అక్కా అని మళ్ళీ అడుగుతాడు. వదిలేస్తారు అని చెప్పకండి, వదలరు అనీ చెప్పకండి. మంగళవారం రాత్రి 8కీ బుధవారం తెల్లారి 3కీ మధ్య ఏం జరిగిందో కోర్టులో ఎవరూ చెప్పలేదురా, ఆ ఏడు గంటలు ఎక్కడా రాసి లేవు, ఈసారి మనం అడిగేది దాని గురించే అని చెప్పండి. అతనికి అర్థమవుతుంది, ఆ రాత్రి గురించి అతనికంటే ఎక్కువ ఆలోచించినవాళ్ళు ఎవరుంటారు.